గొలుసుకట్టు వ్యాపారం ఊట లేని బావి

(మా గ్రామీణ విలేకరి)

కర్నూలు జిల్లా: పత్తి అమ్మిన డబ్బు రైతు చేతికి అందే రోజులలో పల్లెకు ఎరువుల కొట్టువారు వస్తారు, అప్పు ఇచ్చినవారు వస్తారు. కొన్నేళ్లుగా వీరి వెనుకనే మరొకరు కూడా వస్తున్నారు. ఆయన పరాయివాడు కాదు. మన బంధువే, లేదా మనతోపాటు బడిలో చదివినవాడే. చేతిలో సంచి, సంచిలో సబ్బులు, పొడి డబ్బాలు, ఫోనులో పెద్ద పెద్ద కార్ల బొమ్మలు వుంటాయి. "నీవు ఏమీ చేయనక్కర లేదు. చేరి, ఐదుగురిని చేర్పిస్తే చాలు. మిగిలినది దానంతట అదే నడుస్తుంది" అని చెబుతాడు.

దీనినే నెట్‌వర్క్ మార్కెటింగ్ అంటున్నారు. మన పల్లెలలో గొలుసుకట్టు వ్యాపారం అంటారు. ఇందులో చేరినవారిలో పెక్కుమంది ఏడాది తిరగకముందే మానుకుంటున్నారు. ఎందుకు మానుకున్నారని పైవారిని అడిగితే ఒకటే జవాబు వస్తుంది: "వాళ్లకు పట్టుదల లేదు, నమ్మకం లేదు, ఓపిక లేదు." మానుకున్నవారు కూడా ఈ నిందను నిజమే అనుకొని తల వంచుకుంటున్నారు. నిజంగా లోపం మనిషిలోనే వున్నదా, లేక ఆ వ్యాపారం కట్టుబడిలోనే వున్నదా అని ఎవరూ లెక్క వేసి చూడడం లేదు. ఆ లెక్క వేసి చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పట్నంలో మీటింగు

మొదట పల్లెలో మాట కలుపుతారు. తరువాత పట్నంలోని ఒక కల్యాణ మంటపానికి తీసుకుపోతారు. బస్సు చార్జీ మనదే, లోపలికి పోయే టికెట్టు కూడా మనదే. లోపల పాటలు, చప్పట్లు. సూటు వేసుకున్న ఒక యువకుడు వేదిక ఎక్కి, తాను నిన్నటిదాకా కూలిపని చేశాననీ, నేడు నెలకు లక్ష సంపాదిస్తున్నాననీ చెబుతాడు. అతని మాట అబద్ధమే కానక్కర లేదు. కాని ఆ వేదిక మీదికి రానివారు ఎందరో ఎవరూ చెప్పరు. లాటరీలో లక్ష వచ్చినవాని ఫోటో పత్రికలో పడేది గాని, టికెట్టు చించి పారవేసినవారి ఫోటోలు ఎన్నడైనా పడ్డాయా?

ఆ హాలులో సరుకు గురించి చెప్పేది పది నిమిషాలే. మిగిలిన మూడు గంటలూ మనుషులను ఎలా చేర్పించాలో చెబుతారు. మొదట మీకు తెలిసిన వంద మంది పేర్లు రాయమంటారు. మేనమామ, బావమరిది, వియ్యంకుడు, అంగన్‌వాడీ టీచరు, పొదుపు సంఘం అక్కలు — అందరి పేర్లూ కాగితం మీదికి ఎక్కుతాయి. వ్యాపారం ఏదన్నదీ ఇక్కడే తెలిసిపోతున్నది. అమ్మేది సబ్బు కాదు, చేరిక.

ఐదుగురి లెక్క

"ఒకరు ఐదుగురిని చేర్పించాలి, ఆ ఐదుగురూ తలా ఐదుగురిని" అంటారు. వినడానికి సులువుగానే వుంది. మన ఎలిమెంటరీ బడి గుణకారంతో చూద్దాం.

మొదటి మెట్టులో 5 మంది. రెండవ మెట్టులో 25. మూడవ మెట్టులో 125. నాలుగవ మెట్టులో 625. ఐదవ మెట్టులో 3,125. ఏడు వందల ఇళ్లున్న ఊరిలో ఇంటికి ఒకరు చొప్పున చేరినా, నాలుగవ మెట్టు పూర్తి కాకముందే ఇళ్లు అయిపోతాయి. ఆరవ మెట్టుకు 15,625 మంది కావాలి. పదవ మెట్టుకు 97,65,625 మంది కావాలి. 2011 జనాభా లెక్కలలో ఉమ్మడి కర్నూలు జిల్లా జనాభా 40 లక్షల పైచిలుకు మాత్రమే. చంటిపిల్లలను కూడా చేర్పించినా పదవ మెట్టుకు జిల్లా చాలదు. పదమూడవ మెట్టుకు 122 కోట్ల మంది కావాలి. ఆ ఏటి లెక్కలలో దేశ జనాభాయే 121 కోట్లు.

ఇందులో మరొక సంగతి వుంది. ఐదవ మెట్టు దాకా అందరూ చెప్పినట్లే చేశారనుకుందాం. మొదటి మనిషితో కలిపి మొత్తం 3,906 మంది. వారిలో 3,125 మంది చిట్టచివరి మెట్టులో వున్నారు. అంటే నూటికి 80 మంది కింద ఒక్కరు కూడా లేరు. ఒక్కరూ బద్ధకం చేయలేదు, ఒక్కరూ నమ్మకం పోగొట్టుకోలేదు, అయినా నూటికి 80 మందికి రాబడి లేదు. ఆ 80 మందిని పట్టుదల లేనివారని ఎలా అనగలం?

"అందరూ ఐదుగురినే చేర్పించాలని లేదు గదా, ఒకరు ఇద్దరిని, ఇంకొకరు ఇరవై మందిని చేర్పిస్తారు" అని కొందరు వాదిస్తారు. ఎలా చేర్పించినా ఒక లెక్క మారదు. గొలుసులో 1,000 మంది వున్నారంటే, మొదటి మనిషి తప్ప తక్కిన 999 మందిని ఎవరో ఒకరు చేర్పించినట్లే. చేరికలు 999, సభ్యులు 1,000. సగటున తలకు ఒక్క చేరిక కూడా పడదు. ఇది ఏ ఊరికైనా, ఏ కంపెనీకైనా వర్తించే లెక్క.

ఇప్పుడు డబ్బు సంగతి చూద్దాం. చేరడానికి రూ. 12,000 కట్టాలి, ఒకరిని చేర్పిస్తే రూ. 1,000 కమిషన్ అనుకుందాం. పెట్టిన పన్నెండు వేలు తిరిగి రావాలంటే పన్నెండు మందిని తేవాలి. వున్న 999 చేరికలనూ పన్నెండేసి చొప్పున పంచితే 83 మందికి మాత్రమే సరిపోతాయి. మిగిలిన 917 మందికి అసలు కూడా రాదు. కింది మెట్ల మీద కూడా కమిషన్ వస్తుంది గదా అనవచ్చు. కాని ఆ సొమ్ము కూడా కిందివారు కట్టిన దాని నుంచే రావాలి. సభ్యులందరూ కట్టిన మొత్తంలో కంపెనీ ముందుగా తన ఖర్చు, తన లాభం తీసుకుంటుంది. మిగిలినదే సభ్యులకు పంచుతుంది. కట్టిన దానికన్నా తిరిగి వచ్చేది ఎప్పుడూ తక్కువే. పైవారికి ఎక్కువ వచ్చిందంటే కిందివారికి అంతకు అంత తగ్గిందనే అర్థం.

ఊట వున్న బావిలో ఎంత తోడినా మళ్లీ నీరు వస్తుంది. ఊట లేని బావిలో మనమే కడవలతో నీళ్లు పోసి, మనమే తోడుకోవాలి. ముందు వచ్చినవాడు నాలుగు కడవలు తోడుకుంటే, వెనుక వచ్చినవాడికి బురదే మిగులుతుంది.

ఒక ఇంటి పద్దు

మన జిల్లాలోనే ఒక పల్లెలో డిగ్రీ చదివి ఉద్యోగం లేక ఇంటి వద్ద వున్న ఒక యువకుడు ఇటువంటి వ్యాపారంలో చేరాడు. అతడు బద్ధకస్తుడు కాదు. తెల్లవారి లేచి చేను చూసుకొని, మధ్యాహ్నం నుంచి సైకిల్ మోటారు మీద ఊళ్లు తిరిగేవాడు. అతడు ఒక నోటుబుక్కులో పద్దు రాసుకున్నాడు. ఈ విలేకరికి దానిని చూపించాడు.

చేరినప్పుడు కట్టినది రూ. 12,000. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బు అది. సభ్యత్వం నిలవాలంటే నెలనెలా రూ. 1,500 సరుకు కొనాలన్నారు. ఎనిమిది నెలలకు మరో రూ. 12,000 అయింది. నెలకొకసారి పట్నంలో మీటింగుకు బస్సు చార్జీ, టికెట్టు, భోజనం కలిపి రూ. 300 వంతున రూ. 2,400. వడ్డీ నెలకు రూ. 240 వంతున రూ. 1,920. మొత్తం ఖర్చు రూ. 28,320. అతడు ఏడుగురిని చేర్పించాడు. వచ్చిన కమిషన్ రూ. 7,000. చేతి నుంచి పోయినది రూ. 21,320. సరుకులో కొంత ఇంట్లో వాడారు, కొంత పెట్టెలో వుంది. అంత ధర పెట్టి మన ఊళ్లో కొనేవారు లేరు. ఆ డబ్బాలో వున్నటువంటి పొడి అంగడిలో సగం ధరకే దొరుకుతున్నది.

పెట్రోలు ఖర్చు ఆ పద్దులో లేదు. తిరిగిన ఎనిమిది నెలల కూలి కూడా లేదు.

పద్దులో లేనిది ఇంకొకటి వుంది. ఆ ఏడుగురిలో ఒకరు అతని మేనమామ. "మామా, నీవు ఒక్క సంతకం పెట్టు, తక్కినది నేను చూసుకుంటాను" అని చేర్పించాడు. ఆయన ఎద్దులు అమ్మిన డబ్బు తీసి ఇచ్చాడు. డబ్బు తిరిగి రాలేదు. ఆ తరువాత ఇంట్లో పెళ్లి జరిగితే మేనమామ రాలేదు. ఎందుకు రాలేదని ఈ విలేకరి అడిగితే ఆయన, "దుడ్డు పోయినందుకు కాదప్పా. వాడు నా దగ్గరికి అల్లుడుగా రాలేదు, వ్యాపారానికి వచ్చినాడు. అదే నొప్పి" అని అన్నాడు.

ఆ ఏడుగురిలో ఒక పొదుపు సంఘం సభ్యురాలు కూడా వున్నది. గేదె కొనుక్కోవడానికి సంఘం నుంచి తీసుకున్న అప్పులో కొంత ఇందులో పెట్టింది. గేదె రాలేదు, పాలు లేవు, కంతు మాత్రం నెలనెలా కట్టవలసి వస్తోంది. ఆమె కట్టకపోతే ఆ భారం సంఘంలోని తక్కిన అక్కచెల్లెళ్ల మీద పడుతుంది. గొలుసులో చేరనివారు కూడా నష్టపోవడం అంటే ఇదే.

సరుకు అమ్మితే తప్పు లేదు

ఇంటింటికీ తిరిగి సరుకు అమ్మడం తప్పేమీ కాదు. ఎమ్మిగనూరు నేత దుప్పట్లు, చీరలు మూట కట్టుకొని ఊరూరా తిరిగి వాయిదాల మీద అమ్మేవారు ఎప్పటి నుంచో వున్నారు. వారికి కొనేవాడు వేరు, అమ్మేవాడు వేరు. దుప్పటి కొన్న మనిషి దుప్పటి కప్పుకుంటాడు. తాను మరో ఐదుగురికి దుప్పట్లు అంటగడితేనే తన డబ్బు తిరిగి వస్తుందని ఆశ పెట్టుకోడు. ఆదోని యార్డుకు రైతు పత్తి తీసుకుపోతే, దానిని కొనే డబ్బు మిల్లుల నుంచి, అంటే ఊరి బయటి నుంచి వస్తుంది. అదే ఊట.

చీటీ సంగతి కూడా ఇంతే. ఇరవై మంది కలిసి చీటీ వేస్తే, ఇరవై నెలలలో వంతు ప్రకారం అందరికీ డబ్బు అందుతుంది. చీటీ సక్రమంగా నడవడానికి ఇరవై ఒకటవ మనిషి అక్కర లేదు. గొలుసు మాత్రం కొత్త మనిషి రాకపోతే ఆ రోజే ఆగిపోతుంది. చీటీకీ, గొలుసుకూ వున్న తేడా ఇదే.

కాబట్టి ఎవరైనా వచ్చి చేరమన్నప్పుడు ఒక్క ప్రశ్న అడిగితే చాలు: "ఈ గొలుసులో చేరనివాడు, కమిషన్ ఆశ లేనివాడు, ఈ ధర పెట్టి ఈ సరుకు కొంటాడా?" కొంటాడంటే అది వ్యాపారం. కొనడంటే ఆ బావికి ఊట లేదు.

అమెరికాలోనూ అదే లెక్క

ఇది పల్లెవారికి తెలివి తక్కువై జరుగుతున్నది కాదు. ఈ వ్యాపారానికి పుట్టినిల్లయిన అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అనే ప్రభుత్వ సంస్థ వుంది. 70 కంపెనీలు తమ సభ్యుల ఆదాయం గురించి స్వయంగా ప్రకటించిన పత్రాలను పరిశీలించి, ఆ సంస్థ సిబ్బంది 2024 సెప్టెంబరులో ఒక నివేదిక వెలువరించారు. సభ్యులలో అత్యధికులకు ఏడాదికి వచ్చినది 1,000 డాలర్లు, లేదా అంతకన్నా తక్కువ. ఆ దేశపు జీతాల ముందు అది అతి స్వల్పం. కనీసం 17 కంపెనీలలో ఎక్కువ మంది సభ్యులకు ఏమీ రాలేదు. పైగా ఆ పత్రాలలో చాలావరకు సభ్యులు పెట్టిన ఖర్చులను తీసివేసి చూపలేదు. చదువూ, డబ్బూ వున్న దేశంలోనే పరిస్థితి ఇట్లా వుంటే మన పల్లెల సంగతి చెప్పనక్కర లేదు.

చట్టం ఏమంటోంది?

మన దేశంలో 1978లోనే ప్రైజ్ చిట్లు, మనీ సర్క్యులేషన్ పథకాల నిషేధ చట్టం వచ్చింది. సభ్యులను చేర్పించడం మీద ఆధారపడి డబ్బు ఇస్తామని చెప్పే పథకాలు ఈ చట్టం కిందికి వస్తాయి. వాటిని నడిపితే మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. ఇందులో ప్రజలు గమనించవలసిన ముఖ్య విషయం ఒకటి వుంది. నడిపేవారే కాదు, అటువంటి పథకంలో సభ్యులుగా చేరడం, మరో విధంగా పాల్గొనడం కూడా ఈ చట్టం 3వ సెక్షను ప్రకారం నిషిద్ధమే.

ఈ చట్టం మన రాష్ట్రంలో కాగితం మీదనే వుండిపోలేదు. ఆమ్వే కంపెనీ మీద 2006లో సి.ఐ.డి. పోలీసులు చర్య తీసుకోగా, కంపెనీ హైకోర్టుకు వెళ్లింది. 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ పిటిషన్‌ను కొట్టివేసింది. 2014 మే నెలలో ఆ కంపెనీ భారత శాఖ అధిపతిని అరెస్టు చేసినది మన కర్నూలు పోలీసులే కావడం గమనార్హం. 2022 ఏప్రిల్‌లో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ ఆ కంపెనీకి చెందిన రూ. 757.77 కోట్ల ఆస్తులను జప్తు చేసింది. సరుకుల ధరలు మితిమీరి వున్నాయనీ, కంపెనీ దృష్టి సరుకు మీద కాక సభ్యులను చేర్పించడం మీదే వున్నదనీ ఆ సంస్థ పేర్కొన్నది. ఇవి దర్యాప్తు సంస్థ మోపిన ఆరోపణలే గాని కోర్టు తీర్పు కాదన్నది పాఠకులు గుర్తుంచుకోవాలి.

ఇతర కంపెనీల మీద కూడా కేసులు నడిచాయి. 2018లో హర్యానాలోని హిసార్‌కు చెందిన ఒక కంపెనీ నిర్వాహకులను, 2019లో కంప్యూటర్ పాఠాల పేరుతో విద్యార్థులను చేర్పించుకున్న నోయిడా కంపెనీ నిర్వాహకులను సైబరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు.

అయితే ప్రభుత్వం నేరుగా సరుకు అమ్మే వ్యాపారాన్ని మొత్తంగా నిషేధించలేదు. చేరడానికి రుసుము వుండరాదనీ, మనుషులను చేర్పించినందుకు ప్రతిఫలం ఇవ్వరాదనీ, సరుకు అమ్మకం మీదనే కమిషన్ వుండాలనీ కేంద్రం 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2021 డిసెంబరులో వినియోగదారుల రక్షణ చట్టం కింద నిబంధనలే తెచ్చింది. వాటి ప్రకారం గొలుసు పథకాలు నడపరాదు. ఇంటికి వచ్చే అమ్మకందారు గుర్తింపు కార్డు చూపాలి, ముందుగా అడిగి మరీ రావాలి. ఫిర్యాదులు వినే అధికారిని ప్రతి కంపెనీ నియమించాలి.

ఫిర్యాదులు ఎందుకు రావు?

ఇంత చట్టం వున్నా పల్లెల నుంచి పోలీసు స్టేషనుకు వచ్చే ఫిర్యాదులు తక్కువే. కారణం తెలియనిది కాదు. కేసు పెట్టాలంటే చేర్పించినవాని పేరు చెప్పాలి. అతడు అన్న కొడుకో, చెల్లెలి భర్తో అయివుంటాడు. అతడు కూడా నష్టపోయినవాడే. పైనున్నవాడు ఎవరో కిందివానికి తెలియదు. తాను కూడా నలుగురిని చేర్పించి వున్నందున, నోరు తెరిస్తే ఆ నలుగురూ తన ఇంటి మీదికి వస్తారని భయం. ఇవన్నీ కలిసి నష్టపోయినవాని నోరు కట్టివేస్తున్నాయి. పైవారు "నీకు పట్టుదల లేదు" అన్నప్పుడు అతడు మారు మాట్లాడక ఊరుకోవడానికి కారణం కూడా ఇదే. ఆ నింద భరించడమే అతనికి తేలికగా తోస్తున్నది.

కాని మౌనంగా వున్నందువల్ల గొలుసు పక్క ఊరికి పోతున్నది. పేరు మార్చుకొని మళ్లీ మన ఊరికే తిరిగి వస్తున్నది.

చేయవలసినవి

చేరమని వచ్చినవారిని తిట్టి పంపనక్కర లేదు. కూర్చోబెట్టి నాలుగు విషయాలు అడగాలి. చేరడానికి డబ్బు ఎందుకు? కమిషన్ సరుకు మీద వస్తుందా, మనిషి మీద వస్తుందా? అమ్ముడుపోని సరుకు వెనక్కు తీసుకుంటారని కాగితం మీద రాసి ఇస్తారా? నీవు ఇప్పటి వరకు పెట్టినది ఎంత, నీకు వచ్చినది ఎంత, పద్దు చూపిస్తావా? ఈ నాలుగవ ప్రశ్నకు జవాబు ఇచ్చేవారు అరుదు.

అప్పు చేసి గాని, పొదుపు సంఘం డబ్బు తీసి గాని ఇందులో పెట్టరాదు. సంఘాల సమావేశాలలో ఈ సంగతి చర్చకు పెట్టడం ఎంతైనా అవసరం. నష్టపోయినవారు రసీదులు, ఫోనులో వచ్చిన సందేశాలు భద్రపరచుకొని, ఒంటరిగా కాక పదిమంది కలిసి పోలీసులకు ఫిర్యాదు చేస్తే విలువ వుంటుంది. సరుకు విషయమైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, ఫోను ద్వారా డబ్బు పోగొట్టుకుంటే 1930కు చెప్పుకోవచ్చు. కల్యాణ మంటపాలలో జరిగే ఇటువంటి సభల మీద పోలీసు, రెవెన్యూ అధికారులు ముందుగానే దృష్టి పెట్టవలసి వున్నది. డబ్బు పోయిన తరువాత కేసులు పెట్టడం వల్ల ఎద్దులు అమ్ముకున్నవానికి ఎద్దులు తిరిగి రావు.

పద్దు చూపిన యువకుడు ఇప్పుడు ఒక ఎరువుల కొట్టులో గుమాస్తాగా చేరాడు. నెల జీతం నుంచి అప్పు తీరుస్తున్నాడు. "నాలోనే లోపం వుందని ఏడాది అనుకున్నాను. పద్దు రాసుకొని చూస్తే లెక్కలోనే వుంది" అని చెప్పాడు. మొదటి జీతంలో వెయ్యి రూపాయలు తీసుకొని మేనమామ ఇంటికి వెళ్లాడు. ఆయన డబ్బు తీసుకోలేదు గాని, కూర్చోమని మంచం వాల్చాడు.